ఆఖరి రుద్దు

"ఈ కత్తికి పదును పెట్టింది ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ స్టెన్‌బెర్గ్.

"నేనే," అంది హెర్దిస్.

అది అబద్ధమని ఆవిడ ఎర కొట్టం గోడకి ఆనుకుని నిలబడ్డ రాగ్నాకి వెంటనే తెలిసిపోయింది. రాగ్నా స్కార్వోయ్ దీవికంతటికీ ఒక్కతే పోలీసు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, హెర్దిస్ చేతి చేపవడలు తిని పెద్దదైన మనిషి. హెర్దిస్ నిజం చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి, అవసరమైతే నాలుగు చీవాట్లు కూడా పెడుతుంది. ఇప్పుడేమో కాఫీ కప్పులోకి చూస్తోంది.

పట్నం నుంచి వచ్చిన ఆ ఇన్‌స్పెక్టర్‌కి ఇవన్నీ ఎలా తెలుస్తాయి చెప్పండి. ఆయన బల్ల మీద పెట్టిన ప్లాస్టిక్ సంచీని వేలితో ముందుకు నెట్టాడు. లోపల ఎర్ర పిడి ఉన్న జేబుకత్తి తెరిచి ఉంది. అంచు నున్నగా ఉండే కత్తి కాదు, రంపంలా వంపులు వంపులుగా పళ్ళున్నది. తాళ్ళూ, చిక్కుపడ్డ గాలాల దారాలూ కొయ్యాలంటే పడవలవాళ్ళకి అలాంటిదే కావాలి. స్కార్వోయ్ రేవులో ఏ జేబు తడిమినా అలాంటిదే తగులుతుంది.

"ఎప్పుడు పెట్టారు?"

"శనివారం."

"శనివారం మధ్యాహ్నం రేవులో అందరి ముందూ తోర్లీఫ్‌ని మీరేమన్నారో గుర్తుందా?"

హెర్దిస్ కప్పుని రెండు అరచేతుల మధ్యా పట్టుకుని ఒక గుక్క తాగింది. "చేపల పేగులు తెచ్చి నా కొట్టం పక్కన పారబోశాడు. ఊళ్ళో ఉన్న సముద్రపు కాకులన్నీ వచ్చి నా దుప్పట్ల మీద వాలాయి. ఉతికి ఆరేసిన దుప్పట్లు! వాటి మీద అవి చేసిన పని నీ కోటు మీద చేసుంటే నువ్వేమనేవాడివి నాయనా?"

"మీరేమన్నారో అది చెప్పండి."

"నీ పడవ రాళ్ళకి తగలా అన్నాను," అంది హెర్దిస్. గొంతు సగంలో తగ్గిపోయింది.

ఆ రేవులో మనిషిని ఎన్ని తిట్లయినా తిడతారు, తలలూపి నవ్వుకుని వెళ్ళిపోతారు. పడవని మాత్రం ఎవరూ తిట్టరు. అందుకే శనివారం ఆ మాట వినగానే రేవంతా నోళ్ళు మూసుకుంది. ఆదివారం తెల్లవారేసరికి తోర్లీఫ్ పడవ నిజంగానే రాళ్ళకి తగిలింది. ఎప్పటిలాగే పడవలోనే పడుకున్నాడాయన. ఒడ్డుకి కట్టిన తాడుని ఎవరో కోసేశారు. గట్టు మీంచి వీచే గాలి పడవని మెల్లగా తోసుకుపోయి రేవు మూతి దగ్గర బండల మీద పడేసింది. తోర్లీఫ్‌ని నీళ్ళలోంచి తీసేసరికి తల పగిలి, ఒళ్ళు మంచుగడ్డై ఉంది. అప్పట్నుంచీ పట్నం ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. వారిద్దరూ ఇరవై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నారనీ, తోర్లీఫ్ పక్క కొట్టంవాడనీ ఇన్‌స్పెక్టర్‌కి ఊరంతా చెప్పింది. హెర్దిస్ కిటికీ గట్టు మీద నీలం ఉన్ని గుడ్డలో చుట్టి, అప్పుడే నూరిన పళ్ళ కత్తి దొరికింది. తాడు మీద ఉన్నవి పళ్ళ కత్తి గుర్తులే మరి.

"మధ్యాహ్నం పడవకి మీరు నాతో పట్నం వస్తున్నారు హెర్దిస్ గారూ," అన్నాడు స్టెన్‌బెర్గ్. కఠినంగా ఏమీ అనలేదు. ఆ మెత్తదనం రాగ్నాని ఇంకా భయపెట్టింది. "బట్టలు సర్దుకోండి. వెచ్చనివి."

"రానంటే?"

"అప్పుడు అరెస్టు చేసి తీసుకెళ్ళాలి. అది నాకూ ఇష్టం లేదు."

హెర్దిస్ లేవబోయింది. ఎర గుచ్చే బల్ల ముందు కూచునే ఆవిడ పీట మీద నీలం ముక్కలు ముక్కలుగా కుట్టిన మెత్త ఉంది. లేచేముందు ఆ మెత్తని ఒకసారి అరచేత్తో సవరించింది. తర్వాత కాఫీ డబ్బా మూత పెట్టడానికి తంటాలు పడింది. నలభై ఏళ్ళు మంచునీళ్ళలో ఎర ముక్కలు తీసి గాలాలకి గుచ్చిన వేళ్ళు అవి. కణుపుల దగ్గర ముడులు పడి, ఏ రెండూ ఒకదానికొకటి ఆనవు. చివరికి మూత అరచేత్తో కొట్టి కూచోబెట్టింది.

రాగ్నా ఆ చేతులనే చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ ముందు బయటకి నడిచాడు. రాగ్నా వెంటనే వెనక నడిచింది.

"సార్, ఆ సంచీ ఒక్క నిమిషం తెరవండి."

"ఎందుకు?"

"తాకను లెండి. నా చేతితొడుగు పోగు తాకుతుంది."

స్టెన్‌బెర్గ్ ఆవిడ మొహం చూశాడు. ఆవిడ పట్టు విడిచే మనిషి కాదని రెండు రోజుల్లో అర్థమైంది ఆయనకి. పల్చటి రబ్బరు తొడుగులు వేసుకుని కత్తి బయటకి తీసి పట్టుకున్నాడు. రాగ్నా తన ఉన్ని తొడుగు లోంచి ఒక పోగు లాగి, కత్తి చదునుగా ఉన్న వైపు అంచు మీదుగా మెల్లగా జార్చింది. పోగు పట్టుకుంది. ఒక్కో పంటి వంపు దగ్గరా చిక్కుకుంటూ, తెగకుండా, అక్కడే వేళ్ళాడింది.

"చూశారా?"

"దారం చిక్కింది. పళ్ళ కత్తి కాబట్టి చిక్కింది."

"రెండో వైపు నుంచి చూడండి మరి." ఇంకో పోగు వాలుగా నూరిన వైపు నుంచి జార్చింది. అది ఏ అడ్డూ లేకుండా జారిపోయింది. "ఈ కత్తికి వాలు ఒక వైపే ఉంటుంది. రెండో వైపు చదును. పదును పెట్టేటప్పుడు సన్నగా కోసుగా ఉండే గుండ్రటి సానపుల్లని ఒక్కో వంపులో పెట్టి, వాలు వైపు నుంచే రుద్దాలి. అలా రుద్దితే ఇనుము అరిగి, వెంట్రుకంత సన్నటి పొర చదును వైపుకి మడత పడుతుంది. ఆఖరికి చదును వైపుని తోలు మీద పరుండబెట్టి ఒక్క రుద్దు రుద్దితే ఆ మడత ఊడిపోతుంది. పని అప్పుడు పూర్తయినట్టు. దీనికి ఆ ఆఖరి రుద్దు పడలేదు. మడత చెక్కు చెదరకుండా ఉంది. దీంతో ఆ లావు తాడు కోసుంటే ఈ మడత ఉండేదా? చీలికలై ఊడిపోయేది, నైలాను పీచు చిక్కుకునేది."

స్టెన్‌బెర్గ్ మూర్ఖుడేమీ కాదు. కత్తిని వెలుతురుకి పట్టి, కళ్ళు చికిలించి, ఆ మడత చూశాడు. ఒప్పుకున్నట్టు తల కూడా ఊపాడు. రాగ్నా మనసు తేలిక పడబోయింది.

"సరే. పదును పెట్టాక దీంతో ఏదీ కొయ్యలేదు. కానీ పదును పెట్టక ముందు? ఆదివారం తెల్లవారుజామున దీంతోనే తాడు కోసి, గుర్తులు దొరక్కూడదని తర్వాత నూరిపెట్టారేమో. శనివారం నూరానని ఆవిడ నోటిమాటే కదా."

రాగ్నా మళ్ళీ కత్తి వైపు చూసింది. నిజమే కదా.

"అదొక్కటే కాదు," అన్నాడాయన, ఈసారి కొంచెం మెల్లగా. "ఆవిడ అబద్ధం చెబుతోంది. డబ్బా మూత పెట్టలేని మనిషి సన్నపుల్ల పట్టుకుని అన్ని వంపులు నూరుతుందా? నేనూ చూశాను రాగ్నా. ఎవరినో కాపాడుతోంది. ఎవరో చెప్పదు. చెప్పనన్నాళ్ళూ తీసుకెళ్ళక తప్పదు నాకు."

"పడవ వచ్చేదాకా ఆగండి."

"మీరు ఆవిడ చేతి వంట తిని పెరిగారు. ఈ కేసులో మీరు ఉండకూడదు అసలు."

"ఆవిడ చేతి వంట తిన్నాను కాబట్టే ఆవిడ దేనికి అబద్ధమాడుతుందో, దేనికి ఆడదో తెలుస్తుంది. మీరు తినుంటే మీకూ తెలిసేది."

ఆయన మూతి ఒక పక్కకి వంగింది, నవ్వో కోపమో. "పడవ వచ్చేదాకా," అన్నాడు. "ఆ తర్వాత ఒక్క క్షణం కూడా ఆగను."

రాగ్నా తిన్నగా తోర్లీఫ్ కొట్టంలోకి వెళ్ళింది. స్టెన్‌బెర్గ్ వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తప్పు పట్టుకుందామనో, తెలుసుకుందామనో.

నిన్న ఆ కొట్టం వెతికారు, ఏమీ దొరకలేదని రాసుకున్నారు. ఏముంటుంది, వలలు, తెడ్లు, ఒక ఇనప పొయ్యి, కిటికీ కింద చెక్కబల్ల. రాగ్నా ఈసారి బల్ల ముందు తోర్లీఫ్ కూచునే చోటే కూచుంది. ఆ ముసలాయన సాయంత్రాలు ఎటు చూస్తూ కూచుంటాడా అని తల ఎత్తింది. కిటికీలోంచి ఎదురుగా హెర్దిస్ కొట్టం కిటికీ గట్టు కనబడుతోంది. ఇంకేమీ కనబడదు. సముద్రం కూడా కనబడదు. పడవవాడు సముద్రం కనబడని చోట బల్ల వేసుకున్నాడు.

బల్ల మీద సానపుల్ల ఉంది, కొసకి సన్నబడి సూదిలా. దాని కింద పరిచిన కాగితం మీద బూడిద రంగు ఇనుప పొడి. రాగ్నా వేలితో తాకి చూసింది. ఇంకా తుప్పు పట్టలేదు. ఉప్పుగాలిలో ఇనుప పొడి ఎన్నాళ్ళు ఇలా ఉంటుంది? ఒక వారం ఉంటే గొప్ప.

"ఆయన కత్తి పొడి అయ్యుండొచ్చు," అన్నాడు గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టర్.

"అయ్యుండొచ్చు," అంది రాగ్నా. అని తలుపు వెనక మేకుకి తగిలించిన స్వెట్టర్ వైపు చూసి, లేచి నిలబడింది.

నీలం ఉన్ని స్వెట్టర్. పాతది. ఎడమ చెయ్యి లేదు. చిరిగిపోయి ఊడింది కాదు. ముంజేతి దగ్గర మొదలుపెట్టి, చదరపు ముక్కలుగా, ఒకటి తర్వాత ఒకటి కత్తిరించుకుంటూ భుజం దాకా వచ్చారెవరో. ఇప్పుడు భుజం దగ్గర ఒక ముక్క కొత్తగా పోయింది. కోసిన అంచు పోగులు ఇంకా నిటారుగా ఉన్నాయి.

ఆ కత్తి దొరికినప్పుడు నీలం ఉన్ని గుడ్డలో చుట్టి ఉంది. అది ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. రాగ్నాకి మాత్రం ఇంకోటి కూడా గుర్తొచ్చింది. హెర్దిస్ పీట మీద మెత్త. లేచేముందు అరచేత్తో సవరించిన మెత్త. నీలం ముక్కలు, పాతవి తెల్లబోయి, కొత్తవి ముదురుగా. ఎన్ని ముక్కలుంటాయో రాగ్నా ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

"ఇదెక్కడి పద్ధతి," అన్నాడు స్టెన్‌బెర్గ్, నిజంగా అర్థం కాక. "కత్తి నూరిపెట్టాడనే అనుకుందాం. అందులో దాచడానికేముంది? ఆవిడ ఆ మాటొక్కటి చెప్పేస్తే నేను ఇంతసేపు..."

"ఇక్కడ ఒకరి కత్తి ఇంకొకరు నూరరు సార్. అడిగితే ఇస్తాం, కోసుకుని తిరిగి ఇవ్వమంటాం. నూరడం మాత్రం ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళకే చేస్తారు. మొగుడు పెళ్ళాం కత్తి నూరతాడు, తండ్రి కూతురి కత్తి నూరతాడు. అప్పుడు కూడా ఆఖరి రుద్దు సొంతదారుకి వదిలేస్తారు. కత్తి వాళ్ళది కదా, అది వాళ్ళ చేతి మీదే పూర్తవ్వాలని. మా నాన్న నాకలాగే ఇచ్చేవాడు." ఆవిడ స్వెట్టర్‌ని మళ్ళీ మేకుకి సరిగ్గా తగిలించింది. "పరాయి మగవాడు నా కత్తి నూరుతున్నాడని ఆడమనిషి పైకి చెప్పిందంటే ఏమని అర్థమో మీరే ఆలోచించండి."

హెర్దిస్ సంచీ సర్దుకుని, తలకి గుడ్డ కట్టుకుని, సిద్ధంగా కూచుని ఉంది. కాగితం పొట్లం కట్టిన చేపవడలు ఒళ్ళో ఉన్నాయి. జైలుకి కూడా వడలు పట్టుకెళ్ళే మనిషి ఆవిడ.

రాగ్నా ఎదురుగా గొంతుక్కూచుంది. "పెద్దమ్మా. ఆ స్వెట్టర్ అల్లింది ఎవరు? తోర్లీఫ్ కొట్టంలో తలుపు వెనకుంది, అది."

హెర్దిస్ ఒళ్ళో పొట్లం సర్దుకుంది. ఆనక, "నేనే," అంది. ఈసారి కళ్ళలోకి చూసే అంది. "మా ఆయన పడవలో ఉన్నవాళ్ళందరికీ అల్లాను ఆ ఏడాది. తోర్లీఫ్ ఒళ్ళు పెద్దది, రెండు ఉండలు ఎక్కువ పట్టింది. అది కూడా అన్నాను మొహం మీదే."

"పెద్దనాన్న పోయాక మీ కత్తి ఎవరు నూరారు?"

"వదిలెయ్ పిల్లా."

"వదిలేస్తే మిమ్మల్ని తీసుకుపోతారు."

"పోనీ. నా వయసుకి జైల్లో మాత్రం ఎన్నాళ్ళుంటాను." అని, ఆవిడ మెత్త అంచున ఒక నీలం ముక్కని వంకర వేలితో నిమరడం మొదలుపెట్టింది. "మా ఆయన్ని పూడ్చిన వారం అది. శనివారం. కత్తి మొద్దుబారిపోయింది, గాలం దారం కూడా తెగట్లేదు. విసిరికొట్టి కిటికీ గట్టు మీద పడేసి వెళ్ళిపోయాను, ఏడుస్తూ. సోమవారం వచ్చి చూస్తే నీలం గుడ్డలో చుట్టి ఉంది. తీసి చూశాను. ఒక్కో వంపూ విడివిడిగా, ఓపిగ్గా నూరాడు. చదును వైపు మడత అలాగే ఉంచాడు, నాకోసం. నా బూటు తోలు మీద ఒక్క రుద్దు రుద్దుకున్నాను. అంతే. అప్పట్నుంచి ప్రతి శనివారం అక్కడ పెడతాను. ప్రతి సోమవారం తీసుకుంటాను. గుడ్డ చిరిగిపోతే కొత్త ముక్క వస్తుంది."

"ఆయనతో ఎప్పుడూ అనలేదా?"

"ఎలా అంటాను? అంటే ఆపేస్తాడేమో." ముక్కు ఎగబీల్చింది. "అందుకే వారమంతా పోట్లాడతాను. పేగులని, పొగని, పొద్దున్నే ఆ పడవ ఇంజను మోతని. మాట్లాడడానికి ఇంకేముంది చెప్పు? పోట్లాడకపోతే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీదు. అలాంటిది, పడవని తిట్టాను. నా నోటికి పురుగులు పడ. ఆ సాయంత్రం నూరడనుకున్నాను. ఆ తిట్టు తిన్నాక కూడా నూరిపెట్టాడు చూడు, పిచ్చిముండావాడు."

గుమ్మం దగ్గర స్టెన్‌బెర్గ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో ఆయనకే తెలియదు కాబోలు. గొంతు సవరించుకుని, "హెర్దిస్ గారూ, ఆయన నూరాడని మీ మాట తప్ప రుజువు లేదు," అన్నాడు. "ఆయన చెబితే తప్ప."

"నిన్న మీరు నాకు తాడు చూపించారు," అంది రాగ్నా ఆయనతో. "దాని మీద మూడు చోట్ల కొయ్యబోయి వదిలేసిన గాట్లున్నాయని మీరే కనిపెట్టారు. గాలికి బిగుసుకున్న తాడు. పదునున్న పళ్ళ కత్తయితే తగిలీ తగలకముందే తెగేది. ఆ చేతిలో ఉన్నది తాడుని నమిలింది, కొయ్యలేదు."

"పళ్ళు అరిగిన కత్తి," అన్నాడు స్టెన్‌బెర్గ్ మెల్లగా.

"అరిగినవి కావు, అరగదీసినవి," అంది హెర్దిస్ వెంటనే. పనిమాట వచ్చేసరికి ఏడుపు మర్చిపోయింది. "సానపుల్లతో నూరే ఓపిక లేక పళ్ళ కత్తిని తీసుకెళ్ళి చదును రాయి మీద రుద్దితే పళ్ళ మొనలు పోతాయి. మాగ్నార్ అదే చేస్తాడు. వాళ్ళ మావయ్య నెత్తీ నోరూ కొట్టుకున్నాడు రేవులో, 'ముసలి ఆవు పళ్ళలా చేశావు కదరా' అని. అంతా నవ్వారు. వాడికి మొహం మాడిపోయింది..."

అని చటుక్కున ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చిన పేరు తనకే వినబడింది. మాగ్నార్ తోర్లీఫ్ చెల్లెలి కొడుకు. పడవలో ఆయనతో కలిసి వేటకి వెళ్ళేవాడు. ఆదివారం పొద్దున్నే "మావయ్యా" అని అరుస్తూ నీళ్ళలోకి దూకినవాడు. నిన్నట్నుంచి ఆసుపత్రిలో మంచం పక్కనే కూచున్నవాడు.

ముగ్గురికీ ఒకటే భయం. మంచం పక్కనే కూచున్నాడు.

రాగ్నా ఫోను తీసి ఆసుపత్రికి కలిపింది. నర్సు మాటలు అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"బాగానే ఉన్నారండీ," అంది నర్సు. "తెల్లవారాక ఒకసారి కళ్ళు తెరిచారు కూడా. మళ్ళీ నిద్రలోకి వెళ్ళిపోయారు. డాక్టరు గారు మంచి సూచనే అన్నారు."

హెర్దిస్ చేతులు పొట్లాన్ని గట్టిగా నొక్కేశాయి.

"ఏమైనా అన్నారా?" అడిగాడు స్టెన్‌బెర్గ్.

"అన్నారు గానీ జ్వరంలో పలవరింత. 'హెర్దిస్ ఆఖరి రుద్దు రుద్దుకుందా' అన్నారు. రెండుసార్లు. మాకేం అర్థం కాలేదు."

స్టెన్‌బెర్గ్ టోపీ నలిపేశాడు. ఆదివారం తెల్లవారుజామున నీళ్ళలో పడి, అప్పట్నుంచి ఇవాళ పొద్దుటి దాకా స్పృహలో లేని మనిషి ఆ కత్తి నూరాడంటే, నూరింది శనివారమే. నూరాక దాంతో ఎవరూ ఏదీ కొయ్యలేదు. ఇంక లెక్క వేయాల్సింది ఏముంది?

"ఆ మాటన్నప్పుడు గదిలో ఎవరున్నారమ్మా?" అన్నాడు.

"వాళ్ళ మేనల్లుడండీ. పాపం, నా పక్కనే నిలబడ్డాడు. చాలా మంచి అబ్బాయి. బట్టలు తెచ్చుకుంటానని పొద్దున మీ దీవికొచ్చే పడవెక్కాడు."

"మా మనిషి వచ్చేదాకా ఆ గదిలోంచి కదలకండి. ఎవరొచ్చినా సరే," అన్నాడు స్టెన్‌బెర్గ్. ఫోను పెట్టి, పట్నం స్టేషనుకి కలిపి, అక్కడికి మనిషిని పంపమని చెప్పాడు. అప్పుడు రాగ్నా వైపు తిరిగి, "ఒక మాట ఒప్పుకోవాలి," అని మొదలుపెట్టాడు.

"తర్వాత ఒప్పుకుందురు," అంది రాగ్నా. పడవ కూత వినబడింది.

రేవులో గాలి కోసేస్తోంది. పడవ ఆగి, చెక్కవంతెన కిందికి దిగింది. ముందు పాలడబ్బాలు దింపారు. ఆ తర్వాత మాగ్నార్ దిగాడు. కళ్ళ కింద నల్లగా, గడ్డం మాసి, మావయ్య కోసం నిద్ర లేకుండా కూచున్నవాడు ఎలా ఉంటాడో అచ్చు అలాగే ఉన్నాడు. హెర్దిస్‌కి అటూ ఇటూ పోలీసుల్ని చూసి, మొహం ఒక్క క్షణం వెలిగి, మళ్ళీ సర్దుకుంది. రాగ్నా ఆ వెలుగు చూసింది.

"నిన్ను తీసుకెళ్తున్నారా హెర్దిసత్తా," అన్నాడు జాలిగా.

"మీ మావయ్యకి ఎలా ఉంది నాయనా?"

"ఏముంది అత్తా. నిన్నట్నుంచి కన్ను తెరవలేదు. మాటా లేదు, పలుకూ లేదు."

స్టెన్‌బెర్గ్ రాగ్నాని చూశాడు. రాగ్నా ఆయన్ని చూసింది. ఇద్దరూ నోరు విప్పేలోపే హెర్దిస్ వడల పొట్లం ముందుకి చాపింది. దానికి కట్టిన పురికొస చివర మూరెడు వేళ్ళాడుతోంది.

"ఈ తోక తెంపిపెట్టు బాబూ. కాళ్ళకి అడ్డం పడుతోంది. నా కత్తి వీళ్ళ దగ్గరుండిపోయింది."

కత్తి అడిగితే లేదనడం ఆ రేవులో ఎవరికీ చేతకాదు. మాగ్నార్ ఆలోచించను కూడా లేదు. జేబులోంచి తీసి, బొటనవేలితో తెరిచి, పురికొస కింద పెట్టి లాగాడు. తెగలేదు. ఇంకోసారి లాగాడు. పీచు లేచింది. రంపం కోసినట్టు అటూ ఇటూ రుద్ది, చివరికి గట్టిగా గుంజితే ఊడొచ్చింది.

హెర్దిస్ ఆ కొసని అరచేతిలో పరిచింది. బొచ్చు బొచ్చుగా, నమిలినట్టుగా ఉంది. ఇన్‌స్పెక్టర్ కోటు లోపలి జేబులోంచి ఇంకో సంచీ తీసి, దాని పక్కన పట్టుకున్నాడు. పడవ తాడు ముక్క అది. లావు తేడా తప్ప, రెండూ ఒకే నోట్లోంచి వచ్చినట్టున్నాయి.

"ఒక్కో వంపుకీ పుల్ల పెట్టి నూరుకోమని ఎన్నిసార్లు చెప్పాడురా మీ మావయ్య," అంది హెర్దిస్. గొంతులో కోపం లేదు. అది ఉంటే వాడికి కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మాగ్నార్ చేతిలో కత్తి ఇంకా తెరిచే ఉంది. వాడి కళ్ళు వంతెన వైపు, నీళ్ళ వైపు తిరిగాయి. రాగ్నా ఒక అడుగు ముందుకేసి, ముసలావిడకీ వాడికీ మధ్యలో నిలబడింది.

"కత్తి మడిచి నా చేతిలో పెట్టు మాగ్నార్. నువ్వు చిన్నప్పుడు నా దగ్గరే తీసుకునేవాడివి, నాకే ఇచ్చేసేవాడివి."

వాడు కత్తి మడవలేదు. చెక్కల మీద పడేశాడు. స్టెన్‌బెర్గ్ బూటుతో దాన్ని తొక్కిపట్టి, వాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"అదంతా నీ వల్లే!" అని హెర్దిస్ మీద విరుచుకుపడ్డాడు మాగ్నార్. "పదేళ్ళు ఆయన వలలు లాగాను. నాది అవ్వాల్సిన పడవ. శనివారం సాయంత్రం ఆ దిక్కుమాలిన కత్తి నూరుతూ చెప్పాడు నాతో. వసంతం రాగానే నిన్ను అడుగుతాట్ట! పెళ్ళి చేసుకోమని. ఆ పడవకి రంగు కొట్టించి, నీ పేరు పెట్టి, అందులో చర్చికి తీసుకెళ్తాట్ట నిన్ను!"

గాలికి ఆవిడ తలగుడ్డ ఎగిరింది. పాలడబ్బాలు దింపుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. హెర్దిస్ కదలకుండా నిలబడింది, ఎవరో చాలా దూరం నుంచి పిలిస్తే సరిగ్గా వినబడక చెవి ఒగ్గినట్టు.

"వసంతం రాగానేనా," అంది చివరికి. "ఇరవై ఏళ్ళు ఆగినవాడు ఇంకా వసంతం దాకా దేనికి ఆగడం? ముసలి మొద్దు."

అని పొట్లం చంకలో పెట్టుకుని వంతెన ఎక్కేసింది. స్టెన్‌బెర్గ్ కంగారుగా, "హెర్దిస్ గారూ, మీరిప్పుడు రానక్కర్లేదు. మిమ్మల్ని వదిలేశాం," అన్నాడు.

"మధ్యాహ్నం పడవకి తీసుకెళ్తానన్నావా లేదా? తీసుకెళ్ళు. ఆయన మళ్ళీ కళ్ళు తెరిచేసరికి నేను అక్కడుండాలి." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "నా కత్తి నీ దగ్గరే ఉండనీ, మీ కోర్టులకి కావాలిగా. కానీ ఆ చదును వైపు మాత్రం ఎవర్నీ రుద్దనివ్వకు. చెబుతున్నాను. అది నాది."

"ఎవర్నీ రుద్దనివ్వను," అన్నాడు స్టెన్‌బెర్గ్. ప్రమాణం చేసినట్టే అన్నాడు.

రాగ్నా పరుగెత్తుకుంటూ కొట్టంలోకి వెళ్ళి, పీట మీది నీలం మెత్త తెచ్చి, పడవ కమ్మీల మీదుగా అందించింది. హెర్దిస్ దాన్ని పడవలో చల్లటి బల్ల మీద పరిచి, అరచేత్తో సవరించి, పట్నం వైపు తిరిగి కూచుంది.